వేలానికి పెట్టిన అత్తగారి మిషను

వీధిలో ఆమెను అందరూ పగుళ్ళ పిన్ని అంటారు. కాళ్ళు చూసి పెట్టిన పేరు కాదది. ఆన్‌లైన్ వేలంలో ఆమె అమ్మకానికి పెట్టే ప్రతి వస్తువుకీ మొదటి ఫోటో దాని పగులుదే. పింగాణీ కూజా అయితే అంచు ఊడిన చోటు, గోడగడియారమైతే గీత పడ్డ అద్దం, తోలుపెట్టె అయితే తెగిన పట్టీ. వస్తువు మొత్తం కనిపించే ఫోటో ఆ తర్వాతే. పాత సామాను అమ్మేవాళ్ళెవరూ ఇలా చెయ్యరు. పగులును గోడవైపు తిప్పి, పక్కనో పువ్వు పెట్టి ఫోటో తీస్తారు. మొదట్లో వాళ్ళంతా ఈమెను చూసి నవ్వారు. చిల్లుపడ్డ ఇత్తడి చెంబుకి కూడా ఆమె దగ్గర వేలంపాట లేస్తుంటే నోళ్ళు మూసుకున్నారు. కొనేవాడికి ఉండేది భయం. దాచిందేమీ లేదని తెలిస్తే ఆ భయం పోయి, చెయ్యి దానంతటదే ముందుకొస్తుంది. పేరు పెట్టింది మాత్రం పార్సిళ్ళు తీసుకెళ్ళే కొరియరతను. అది బాగా అతుక్కుపోయింది.

ఆమె పుట్టు వ్యాపారస్తురాలేం కాదు. పెద్ద బట్టలకొట్లో బిల్లుల కౌంటరు దగ్గర నిలబడి నిలబడి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. ఆ కొట్టు యజమాని ఓ రోజు షట్టరు దించి మళ్ళీ ఎత్తలేదు. ఇంట్లో ఊరికే కూర్చుంటే గోడలు మీదికొస్తున్నట్టనిపించి, ముక్కు విరిగిన టీ కెటిల్ ఒకటి సరదాగా వేలానికి పెట్టింది. దాని కోసం ఊరూ పేరూ తెలియని ఇద్దరు పంతానికి పోయి పాట పెంచుకుంటూ పోతుంటే ఆమెకు ఒళ్ళు జలదరించింది. ఇక ఆగలేదు. ముందుగదే కొట్టయింది. ఫోటోల కోసం తలుపుకి తెల్ల దుప్పటి, కిటికీ పక్కన బల్ల, బల్ల మీద తూకం, మంచం కింద బుడగల కవరు చుట్టలు. టేపు లాగే చప్పుడు లేని పూట ఆ ఇంట్లో ఉండదు.

భర్త లిఫ్టుల మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ప్యాకింగ్ ఆయన పని. ఆయన కట్టిన పార్సిలు మిద్దె మీంచి పడేసినా లోపలి గాజుకి ఏమీ కాదు. మాట మాత్రం మహా పొదుపు. ఏళ్ళ తరబడి లిఫ్టు గొయ్యిలో ఒంటరిగా పనిచేసి మాట్లాడ్డం మరిచిపోయాడని ఆమె దెప్పుతుంటుంది.

ఇంత మంచి మనిషే వ్యాపారం పెట్టిన మొదటి ఏడాదిలో ఆమె కొంప ముంచినంత పని చేశాడు. కప్పుల సెట్టుకి ఎవరూ పాడటం లేదని పెళ్ళాం దిగాలుగా కూర్చుంటే చూడలేక, తన ఫోన్లోంచి తనే పాట పాడాడు. పాపం, సాయం చేద్దామనే. కానీ వేలం నడిపేవాళ్ళకి ఆలుమగల ప్రేమలతో పనేముంటుంది? అమ్మేవాళ్ళ సొంతమనుషులు పాడితే అది దొంగపాట. ధర పెంచడానికి చేసిన మోసం కిందే లెక్క. ఇద్దరిదీ ఒకే చిరునామా కావడంతో ఇట్టే దొరికిపోయారు. నెలపాటు ఆమె ఖాతా మూసేశారు. తెరుస్తూ హెచ్చరిక పంపారు. సొంతవాళ్ళ పాట ఇంకోసారి కనబడితే ఖాతా శాశ్వతంగా తీసేస్తామన్నారు.

ఆ రోజు ఆమె ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి ఒట్టు వేయించుకుంది.

"అమ్మకానికి పెట్టినదాని జోలికి మీరు రాకూడదు. పాడకూడదు, పెంచకూడదు, వద్దనకూడదు. అసలు నోరెత్తకూడదు. సరేనా?"

"సరే" అన్నాడాయన.

అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. ఎంతగా అంటే, ఆయన ఇష్టంగా వాడే మడతకుర్చీని ఆమె పొరపాటున అమ్మేస్తే, నోరెత్తకుండా తనే దాన్ని ప్యాక్ చేసి, నేల మీద కూర్చుని పేపరు చదువుకున్నాడు.

ఇక అత్తగారి మిషను సంగతి. అది చేత్తో తిప్పి కుట్టే పాత కుట్టుమిషను. రెండేళ్ళ కిందట అత్తగారు పోయాక సామాను పంచుకునేటప్పుడు దాని దగ్గరే ఆమె భర్తకీ ఆయన అక్కకీ చెడింది. అక్క అడిగితే ఇచ్చేద్దామని తమ్ముడు చూశాడు. తమ్ముడే తీసుకెళ్ళమంటాడని అక్క చూసింది. ఇద్దరూ కాచుకుని కూర్చున్నారే గానీ ఒక్కరూ నోరు విప్పలేదు. చివరికి వెళ్ళేముందు గుమ్మంలో పేలింది. "కావాలంటే అడగొచ్చుగా!" అని ఆయన. "మా అమ్మ మిషను నేను అడుక్కోవాలట్రా?" అని ఆవిడ. అంతే, రాకపోకలు లేవు, ఫోన్లు లేవు. మిషను మాత్రం పాతచీర కప్పుకుని మంచం కింద పడి ఉంది.

ఈ మధ్య చేతిమిషన్లకి వేలంలో గిరాకీ వచ్చింది. ఆమె దుమ్ము దులిపి, పిడికి చుట్టిన పాత గుడ్డపీలిక విప్పి, నూనె వేసి తిప్పి చూసింది. సూది చక్కగా దిగుతోంది.

"అమ్మేయనా?" అనడిగింది భర్తని.

"నీ ఇష్టం" అన్నాడాయన, పేపర్లోంచి తల ఎత్తకుండా.

మగవాళ్ళు నీ ఇష్టం అన్నారంటే వాళ్ళ ఇష్టం ఇంకెక్కడో ఉందని అర్థం. కాపురం చేసే ఆడదానికెవరికైనా తెలిసిన సంగతే. కానీ ఆ రోజు ఆమె మనసంతా వెలుతురు తగ్గకముందే ఫోటోలు తియ్యాలన్న హడావిడిలో ఉంది.

వేలం ఆఖరి రోజు ఆదివారం పడింది. సాయంత్రం ఆరింటికి గడువు. పొద్దున్నదాకా మిషను మీద ఉన్నది ఒకే ఒక్క పాట. బొత్తాం అనే పేరుతో ఎవరో న్యాయమైన ధరే పాడారు. పర్లేదులే అనుకుంది. ఆమె స్టవ్ మీద పాలు పెట్టి వచ్చేలోపు బొమ్మ మారిపోయింది. సూదీదారం అని ఒక కొత్తపేరు, పెద్దమనిషి అని ఇంకో కొత్తపేరు. ఒకరు పాడితే రెండోవారు పైన పాడుతున్నారు. ఎవరూ తగ్గడం లేదు. పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. ఆమెకి పట్టలేదు.

"ఏమండీ! మీ అమ్మగారి మిషను అందలమెక్కింది! వచ్చి చూడండి!"

ఆయన రాలేదు. గడ్డం చేయించుకొస్తానని అప్పటికే వీధి చివర మంగలి షాపుకి వెళ్ళిపోయాడు.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. మధ్యాహ్నానికి ధర కొత్త మిషను ధర కూడా దాటేసింది. అత్తగారి మిషనుకి అంత విలువ లేదు. చక్రం మీద రంగు లేచిపోయింది, పిడి చిట్లింది, ఆ సంగతులన్నీ ఆమే ఫోటోలు తీసి పెట్టింది. మతి ఉన్నవాళ్ళెవరూ దానికి అంత పెట్టరు. ఆ రెండు పేర్లూ చూస్తే కొత్తవి, ఇదివరకు దేనికీ పాడినవి కావు. అప్పుడే వేలం వాళ్ళ నుంచి సందేశం వచ్చింది. ఈ పాట మీద తోటి అమ్మకందారు ఒకరు ఫిర్యాదు చేశారు, గడువు ముగిశాక పరిశీలిస్తాం, గెలిచిన పాట సొంతవాళ్ళదని తేలితే ఖాతా మూసేస్తాం.

ఆఖరి రోజున వస్తువును వెనక్కి తీసుకోవడానికి రూల్ ఒప్పుకోదు. అనుమానం ఉన్న పాటను గడువులోపు జాబితాలోంచి కొట్టెయ్యడం మాత్రం అమ్మేవాళ్ళ చేతుల్లో ఉంటుంది. కానీ ఎవరిదని కొట్టేస్తుంది? నిజమైన కొనుగోలుదారుదే కొట్టేస్తే అదింకో తప్పు.

నున్నటి గడ్డంతో భర్త లోపలికొచ్చాడు. ఆమె గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"మీరేనా?"

"ఏంటి?"

"పాడుతున్నది మీరేనా అంటున్నా. నా మీద ఒట్టేసి చెప్పండి."

ఆయన జేబులోంచి ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు. "చూసుకో."

ఆమె అణువణువూ వెతికింది. ఏమీ లేదు. తప్పుగా అనుమానించానే అని సిగ్గుపడి ఫోను ఇచ్చేసింది. ఒట్టేశాడా లేదా అన్నది ఆ కంగారులో గమనించలేదు. ఆయన అన్నం తిని, కాసేపు అటూ ఇటూ తిరిగి, చెప్పులేసుకున్నాడు.

"మళ్ళీ ఎక్కడికి?"

"జుట్టు కత్తిరించుకోలేదు."

చెవుల పక్కన తప్ప ఆయన తల మీద కత్తిరించడానికేమీ లేదు. ఆ మాట ఆమెకి తట్టేసరికి ఆయన గేటు దాటాడు.

నాలుగు దాటాక సూదీదారం దగ్గర్నుంచి ప్రశ్న వచ్చింది. కొనేవాళ్ళు వస్తువు గురించి అడగడానికి అక్కడో చోటు ఉంటుంది. "పిడికి చుట్టి ఉండే గుడ్డపీలిక ఏమైంది? పారేశారా?"

ఆమె ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివింది. గుడ్డపీలిక ఏ ఫోటోలోనూ లేదు. ఫోటోలకి ముందే విప్పేసింది. అది ఉండేదని తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ఎవరున్నారు? మంచం మీద కూలబడింది. వదిన! భర్త తోడబుట్టిన అక్క. ఆవిడే పాడుతోంది. ఆవిడ పాట గెలిస్తే ఖాతా గంగపాలు. ఆవిడ పాట కొట్టేస్తే, సొంత తల్లి మిషను కోసం చేయి చాస్తే ఆ చేతిని నెట్టేసినట్టు. ఇక ఆ గుమ్మం ఈ జన్మలో తొక్కనివ్వదు. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే గడియారం ఆగుతుందా? కళ్ళు తుడుచుకుని, రెండేళ్ళుగా నొక్కని నంబరు నొక్కింది.

"వదినా, నేను."

అవతల ఓ పెద్ద నిట్టూర్పు. "కనిపెట్టేశావా?"

"ఎందుకిలా చేస్తున్నారు వదినా? ఒక్క మాట చెబితే ఇంటికి తెచ్చి ఇచ్చేదాన్ని కదా!"

"ఏం చెప్పమంటావమ్మాయ్? నీ కొట్లో చూశాను, బజారున పెట్టారుగా. బజారులోనే కొనుక్కుంటాను. ఎవరి దయాదాక్షిణ్యాలూ నాకక్కర్లేదు. ఆ మిషను మీద కుట్టిన గౌన్లేసుకునే నేను బడికెళ్ళాను. రేపొద్దున దాన్ని ఎవడో హోటలు గుమ్మంలో అలంకారానికి పెట్టుకుంటాడా? నేను బతికుండగా?"

ఆమె అంతా చెప్పింది. సొంతవాళ్ళ పాట సంగతి, పాత హెచ్చరిక, ఇవాళ్టి ఫిర్యాదు, ఆరింటి గడువు. చెబుతుంటే వదిన గొంతులో బింకం సడలింది.

"అయ్యో, నాకేం తెలుసే! నీ పొట్ట కొట్టాలని కాదు. కానీ ఆ రెండోవాడున్నాడే, పెద్దమనిషట, వాడికి మాత్రం వదలను. జలగలా పట్టుకున్నాడు వెధవ. ఇదిగో, మళ్ళీ పెంచాడు చూడు!"

ఆమె తెర వైపు చూసింది. నిజమే, ఇప్పుడే పెంచాడు. పొద్దున భర్త గడ్డం చేయించుకోవడానికి వెళ్ళాకే ఆ పేరు లేచింది. ఆయన ఇంట్లో అన్నం తింటున్నంతసేపూ ఆ పేరు నోరు మెదపలేదు. ఇప్పుడు ఆయన జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళాడు.

"వదినా, ఫోను పెట్టకండి" అంటూ ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది.

మంగలి షాపులో కుర్చీ ఖాళీగా ఉంది. మంగలి గుమ్మంలో నిలబడి వీధి కాపలా కాస్తున్నాడు. ఆమెను చూడగానే అతని ముఖం పాలిపోయింది. "అక్కా, నాదేం లేదు. అన్న అడిగితే ఫోనిచ్చాను, అంతే!" లోపల అద్దంలో ఆమె భర్త కనిపించాడు. మూలన బల్ల మీద వంగి, మంగలి ఫోను రెండు చేతులా పట్టుకుని, చెమటలు కక్కుతూ, ఒక్కో అంకే నొక్కుతున్నాడు. తల ఎత్తి అద్దంలో ఆమెను చూశాడు. చేతులు అలాగే ఆగిపోయాయి.

"ఎంత పని చేశారండీ!" అంది ఆమె. అరుద్దామనుకుని, గుమ్మంలో మంగలిని చూసి గొంతు తగ్గించింది. "నా కొట్టు నా చేతులతోనే కట్టుకున్నాను. మీ చేతులతోనా కూల్చేది?"

ఆయన లేచి నిలబడ్డాడు. "కూల్చాలని కాదే. ఎవరో పట్టుకుపోతున్నారు. చూస్తూ ఊరుకోలేకపోయాను."

"అమ్మొద్దని నాతో అనొచ్చుగా!"

"అనకూడదన్నావుగా."

నిజమే, అన్నది తనే. మాట్లాడని మనిషి నోటికి తాళం కూడా వేసింది.

"అయినా మీకెందుకండీ ఆ మిషను? రెండేళ్ళలో ఒక్కసారి దాని మీది చీర తీసి చూశారా?"

"నాకెందుకే?" ఆయన మంగలి ఫోను బల్ల మీద పెట్టేశాడు. "అక్క కోసం. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతుంది కదా. అడిగిన రోజున అమ్మేశానని ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

ఆమె చేతిలో ఫోను ఇంకా ఆన్‌లోనే ఉంది. లోపల్నుంచి చిన్న ఏడుపు వినిపించింది. ఆయన ఆ ఫోను వైపు చూసి, భార్య వైపు చూశాడు. ఆమె స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"ఒరేయ్" అంది అక్క. "పొద్దున్నుంచీ నాతో కొట్లాడుతున్నది నువ్వట్రా?"

ఆయన కుర్చీలో కూలబడి ముఖం చేతుల్లో దాచుకున్నాడు. గోడ మీద గడియారం ఆరుకి దగ్గర పడుతోంది. మంగలి ఎటు చూడాలో తెలియక దువ్వెనలు సర్దడం మొదలుపెట్టాడు.

"అక్కాతమ్ముళ్ళు తర్వాత ఏడుద్దురుగాని!" ఇప్పుడు అరిచింది ఆమె. "మీ ఇద్దరిలో ఎవరు గెలిచినా నా కొట్టు మూతపడుతుంది. ఇద్దర్నీ కొట్టేస్తే మిషను బొత్తాం అనేవాళ్ళకి పోతుంది, ఆపడానికి నాకు దారి లేదు. ఏం చెయ్యమంటారో చెప్పండి. ఇద్దరూ నోరు తెరిచి చెప్పండి!"

చెప్పమందే గానీ, పాట ఉంచమంటే ఏం చేస్తుంది? మళ్ళీ ఏ కౌంటరు దగ్గర నిలబడుతుంది ఈ మోకాళ్ళతో?

"నా పాట తీసెయ్ అమ్మాయ్" అంది అక్క.

"వద్దు, అక్కది ఉంచు. నాది తియ్" అన్నాడు తమ్ముడు వెంటనే.

"ఇప్పుడు కూడా పోటీయేనట్రా నీకు? ఆడదాని కష్టం బూడిద చేస్తామా? ఇద్దరివీ తీసెయ్ అమ్మాయ్. తొందరగా కానీ."

ఆమె ముందు పెద్దమనిషి పేరు కొట్టేసింది. తర్వాత సూదీదారం పేరు. ధర ఒక్కసారిగా కిందికి జారి, మొదట బొత్తాం పాడిన ధర దగ్గర ఆగింది. ఆరయింది. అమ్ముడైపోయింది. ఆమె అక్కడే నిలబడి, సొంతవాళ్ళు తెలియక పాడారనీ, తెలిసిన వెంటనే కొట్టేశాననీ వేలం వాళ్ళకి ఉన్నదున్నట్టు రాసి పంపింది. మంగలి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున వేలం వాళ్ళ జవాబు వచ్చింది. గడువులోపే పాటలు కొట్టేశారు కాబట్టి ఫిర్యాదు మూసేశామన్నారు. ఆమె దాన్ని చదివి ఫోను బోర్లా పెట్టేసింది. సంతోషం రాలేదు. బల్ల మీద మిషను, పక్కన బుడగల కవరు, టేపు. కొరియరతను వచ్చే వేళవుతోంది. భర్త కత్తెర పట్టుకుని కూర్చున్నాడే గానీ కవరు కత్తిరించడం లేదు.

గేటు చప్పుడైంది. వదిన. ఉబ్బిన కళ్ళు, చంకలో ఒక గుడ్డ మడత. ఎవర్నీ పలకరించకుండా సరాసరి బల్ల దగ్గరికొచ్చి, మిషను మీద అరచెయ్యి వేసి నిలబడింది.

"పంపేముందు ఒక్క కుట్టు వేసుకుంటానమ్మాయ్. దిండుగలీబు తెచ్చాను."

ఆమె కుర్చీ జరిపింది. వదిన దారం ఎక్కించి, గుడ్డ పరిచి, పిడి పట్టుకోబోయింది. అప్పటిదాకా రాయిలా కూర్చున్న తమ్ముడు లేచొచ్చి పిడి మీద చెయ్యి వేశాడు. చిన్నప్పుడు అమ్మ వీళ్ళకి కుట్టు నేర్పింది అలాగేనట. అక్కవి రెండు చేతులూ గుడ్డకి, చక్రం తమ్ముడిది. మిషను కటకటా కదిలింది.

"మెల్లగా తిప్పరా! ఎప్పుడూ ఇంతే, దెయ్యం తరిమినట్టు!"

"నువ్వు గుడ్డ లాగుతున్నావు."

"నేనా? నీ ముఖం! చూడు, వంకర పోయింది!"

పగుళ్ళ పిన్ని టేపు చుట్ట చేత్తో పట్టుకుని గోడకి ఆనుకుంది. కళ్ళ నిండా నీళ్ళు. ఇక ఆపుకోలేకపోయింది.

"వదినా, పంపనులెండి. అమ్మినది పంపలేదని కొట్టు పోతే పోనీ. తీసుకెళ్ళిపోండి."

మిషను ఆగింది. వదిన తల ఎత్తకుండానే అంది. "పిచ్చిమాటలు మాట్లాడకు. అడగాల్సిన రోజున అడగలేదు నేను. ఇవ్వాల్సిన రోజున ఇవ్వలేదు వీడు. మధ్యలో నీ కొట్టెందుకు పోవాలి? పాడినవాళ్ళకి పంపు. తిప్పరా నువ్వు, ఆగిపోయావేం?"

బయట కొరియరతని బండి హారను మోగింది. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. వదిన చేతులు గుడ్డ మీద గట్టిగా బిగుసుకున్నాయి. ఆమె టేపు కొస కోసం గోటితో గీకడం మొదలుపెట్టింది, కొస దొరకలేదు.

"ఏమే" అన్నాడు భర్త. ఆయన చెయ్యి ఇంకా పిడి మీదే ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన తన కోసం ఏదీ అడిగి ఎరగడు. ఇప్పుడు అడిగే మాట కోసం తడుముకుంటున్నాడు. "ఇవాళ ఒక్కరోజు ఉంచుతావా? రేపు పంపుదాం. నేనే దగ్గరుండి కడతాను. ఉంచుతావా?"

ఆమె టేపు బల్ల మీద పెట్టి గేటు దగ్గరికెళ్ళింది.

"ఏం పిన్నీ, పార్సిలు రెడీనా?"

"లేదు నాయనా. రేపు రా."

"నువ్వు రేపు రమ్మనడమేంటి పిన్నీ! ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. ఇవాళ కుదరదు, రేపు రా" అని ఆమె గేటు గడియ వేసింది. లోపల అక్క తమ్ముణ్ణి తిడుతూనే ఉంది.